పుస్తకముల కొరకు మరలి వచ్చిన బ్రౌను

కదిరికి చేరువనున్న కటారుపల్లిలో వేమన సమాధి కలదు. గోరంట్ల, పెనుకొండ, హిందూపురము ప్రాంతముల పల్లెలలో ఆ యోగి పద్యము ఒకటియైనను నోటికి రాని పెద్దవారు అరుదు. జనుల నాలుకలపై నిలిచిన ఆ పద్యములను వెదకించి, పాఠములను పోల్చి, అచ్చునకు ఎక్కించినవాడు చార్లెసు ఫిలిప్పు బ్రౌను. ఆతడు దొరతనము చేయవచ్చిన ఆంగ్లేయుడని అందరును ఎరుగుదురు. రెండుమారులు కొలువునకు దూరమైనను, రెండుమారులును తెలుగు పుస్తకములే ఆతనిని మరల పనిలోనికి పిలిచినవన్న సంగతి అంతగా తలపునకు రాదు.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడు బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. బహుభాషలయందు అభిరుచి గలవాడు. 1812లో తండ్రి గతించిన పిమ్మట కుటుంబము ఇంగ్లండు చేరెను. అచ్చట హెయిలీబరీ కళాశాలలో చదివి, 1817లో బ్రౌను చెన్నపట్టణమునకు ఉద్యోగార్థియై వచ్చెను. వెలగపూడి కోదండరామ పంతులు ఆతనికి తెలుగు నేర్పెను. 1820లో కడపకు కొలువు పడినది. అప్పటికి దత్తమండలములు కంపెనీవారి వశమై ఇరువదియేండ్లు. కదిరి సీమ నాడు కడప జిల్లాలోనిది. గోరంట్ల, పెనుకొండ ప్రాంతము బళ్లారి జిల్లాలోనిది. అనంతపురము జిల్లా 1882 వరకును ఏర్పడనే లేదు.

మచిలీపట్టణమున నున్న దినములలో, 1824లో, దుబాయి అను ఫ్రెంచి మతాచార్యుని గ్రంథమున వేమన ప్రస్తావము బ్రౌను కంటబడెను. నాటినుండి వ్రాతప్రతుల వేట మొదలైనది. తాటాకు గ్రంథములు చెదలపాలగుచుండిన కాలమది. చదువువారు తగ్గిరి, వ్రాయించువారు అంతకన్న తగ్గిరి. తెలుగు వాఙ్మయము ఆరిపోవనున్న దీపమువలె ఆతనికి తోచెను.

మరల కడపకు వచ్చిన పిదప బ్రౌను ఒక బంగళా కొని, దానిని పండితుల పనిశాలగా మార్చెను. జూలూరి అప్పయ్య శాస్త్రి వారిలో ముఖ్యుడు. అయోధ్యాపురము కృష్ణారెడ్డి వ్యవహారములు చక్కబెట్టెను. ఒక్కొక్క కావ్యమునకు దొరికినన్ని ప్రతులు తెప్పించుట, కాగితముపై ఎత్తి వ్రాయించుట, పాఠభేదములను పక్కపక్కన గుర్తించుట, పండితులచే శుద్ధప్రతి సిద్ధము చేయించుట - ఇది అచ్చటి పద్ధతి. వ్రాయసకాండ్రకును పండితులకును జీతములు బ్రౌను స్వంత సొమ్మునుండి ముట్టుచుండెను. ఈ శ్రమకు తొలిపంటగా 1829లో వేమన పద్యములు ఆంగ్లానువాదముతో వెలువడినవి.

ఇట్లుండగా 1834లో ఆతడు ఉద్యోగమునుండి తొలగింపబడెను. పదునేడేండ్ల కొలువు చేజారినది. జీతము లేనినాడు పండితులను పోషించుట ఎట్లు? ప్రతులు ఏమగును? మరియొకడైనచో స్వదేశమున వేరొక బ్రతుకుతెరువు వెదకుకొని, తెలుగును మరచియుండును. బ్రౌను లండను చేరి, కంపెనీవారి గ్రంథాలయమున అడుగుపెట్టెను. అచ్చట దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు రెండువేలకు పైగా చదువువారు లేక మూలబడియుండెను. గ్రంథాలయాధికారియైన హోరేసు హేమన్ విల్సను సాయముతో వానిని పరిశీలించి, తిరిగి చెన్నపట్టణమునకు పంపించు ఏర్పాటు గావించెను. కొలువు లేని కాలమున చేసిన ఆ పని ఏ కొలువునకును తీసిపోదు.

1837లో ఆతడు తిరిగి వచ్చెను. అప్పటికి నలువదియేండ్లు నిండనున్నవి. పారసీక భాషానువాదకుడుగను, పిమ్మట తపాలాశాఖాధిపతిగను ఉద్యోగము చేయుచునే, మిగిలిన వేళలను గ్రంథములకు వినియోగించెను. 1840లో తెలుగు వ్యాకరణము వెలువడినది. పండితులచే మనుచరిత్ర, వసుచరిత్రములకు వ్యాఖ్యలు వ్రాయించెను. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ప్రకటితమయ్యెను. కావ్యపదములతోపాటు సంతలోను, కచేరిలోను, పొలమునందును వినబడు మాటలకును అందు చోటు దొరకినది. ఇంతటి ప్రయాసతో కూర్చిన గ్రంథరాశిని బ్రౌను తన ఇంటి సొత్తుగా ఉంచుకొనక చెన్నపట్టణపు సాహిత్య సంఘమునకు ఇచ్చివేసెను. అది పిమ్మట ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరినది. సంపాదించుటయందు ఎంత ఆశయో, పదిమందికి అందించుటయందు అంత ఆతురత.

1855లో ఆరోగ్యము చెడి బ్రౌను ఇంగ్లండునకు మరలెను. విశ్రాంతికి అర్హమైన వయసు. పెండ్లి చేసికొనలేదు గనుక సంసారభారము లేదు. అయినను 1865లో, అరువదియైదు దాటిన పిమ్మట, లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యపదవిని స్వీకరించెను. ఆ దూరదేశమున తెలుగు నేర్వవచ్చు విద్యార్థులు ఎందరుందురని ఆతడు లెక్కింపలేదు. మరుసటి ఏట తన సాహిత్యజీవితమును సంగ్రహముగా అచ్చొత్తించెను. 1884 డిసెంబరు 12వ తేదీన లండనులోనే కన్నుమూసెను. 1903లో ఆతని నిఘంటువు సంస్కరింపబడి మరల వెలువడినది. ఆ సంస్కర్తలలో కందుకూరి వీరేశలింగము పంతులు ఒకరు.

కడపలోని బంగళా కాలక్రమమున శిథిలమైనది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి మొదలగువారి పట్టుదలవలన ఆ స్థలముననే బ్రౌను పేరిట గ్రంథాలయము వెలసినది. పండితులు కూర్చుండి ప్రతులు సరిచూచిన చోట నేడు పాఠకులు కూర్చుండి చదువుచున్నారు. కొలువు ఇచ్చినవారు దానిని మరల తీసికొనగలిగిరి. పుస్తకములు అప్పగించిన పనిని మాత్రము ఆతనినుండి ఎవరును తీసికొనలేకపోయిరి.