దేవునితో మొదలైన పాఠ్యపుస్తకం

బి.ఎడ్. చదివినవారికి కొమీనియస్ పేరు కొత్త కాదు. ఆధునిక విద్యకు పితామహుడని పరీక్షల్లో రాసే ఉంటారు. అయితే ఆయన ఒక సంఘ కాపరి అనీ, బిషప్పుగా కూడా సేవ చేశారనీ, ఆయన బోధనా పద్ధతి ఆయన విశ్వాసంలో నుండే పుట్టిందనీ మన సంఘాల్లో అంతగా చెప్పుకోము. పిల్లలకు వాక్యం నేర్పే బాధ్యత ఉన్న మనమందరం ఒక్కసారి ఆయన జీవితాన్ని చూడాలి.

యాన్ ఆమోస్ కొమీనియస్ 1592 మార్చి 28న నేటి చెక్ దేశంలోని మొరావియా ప్రాంతంలో జన్మించారు. ఆయన కుటుంబం యాన్ హుస్ బాటలో ఏర్పడిన సహోదరుల సంఘానికి చెందినది. పన్నెండేళ్ల ప్రాయంలోనే తల్లిదండ్రులను కోల్పోయారు. పదహారేళ్ల వయసులో గాని లాటిన్ పాఠశాలలో చేరలేకపోయారు. అక్కడ అర్థం తెలియని మాటలు బట్టీ పట్టించడం, తప్పితే బెత్తం. ఆ బాధను ఆయన మరచిపోలేదు. పిల్లలకు చదువు ఇంత కష్టం కానక్కరలేదన్న తలంపు జీవితమంతా ఆయనను నడిపించింది.

1616లో అభిషేకం పొంది, 1618లో ఫుల్నెక్ సంఘానికి కాపరి అయ్యారు. అదే సంవత్సరం ముప్పై ఏళ్ల యుద్ధం మొదలైంది. 1621లో సైనికులు ఆ ఊరిని దోచుకున్నారు. ఆయన పుస్తకాలు పోయాయి, తాను దాగి బ్రతకవలసి వచ్చింది. మరుసటి ఏడు తెగులు వచ్చి భార్యను, ఇద్దరు పిల్లలను తీసుకుపోయింది. 1628లో తన ప్రజలతో కలిసి పోలండులోని లెష్నోకు వలసపోయారు. మరల స్వదేశంలో స్థిరపడే అవకాశం ఆయనకు దొరకలేదు.

అన్నీ పోయిన ఆ మనిషి పరదేశంలో బడిపిల్లల ముందు నిలబడ్డారు. 1631లో ఆయన ప్రచురించిన లాటిన్ వాచకం ఐరోపా అంతటా వ్యాపించింది. ఆడపిల్లలూ మగపిల్లలూ, ధనికులూ పేదలూ అందరూ దేవుని స్వరూపంలో చేయబడినవారే గనుక అందరికీ చదువు రావాలని ఆయన వాదించారు. ముందు మాతృభాష, తర్వాతే పరభాష. ముందు వస్తువును చూపించాలి, తర్వాతే దాని పేరు చెప్పాలి. ఈనాడు మనకు మామూలుగా తోచే ఈ మాటలు ఆనాడు కొత్తవి.

1658లో వెలువడిన ఆయన బొమ్మల పుస్తకం మనం ముఖ్యంగా గమనించవలసినది. అందులో 150 పాఠాలు. ప్రతి పాఠానికి ఒక బొమ్మ, బొమ్మలోని వస్తువులకు అంకెలు, ఆ అంకెల ప్రకారం వాక్యాలు. అక్షరాలు నేర్చిన పిల్లవాడికి మొదటి పాఠం దేవుడు. తర్వాత లోకం, ఆకాశం, నీరు, చెట్లు, పక్షులు, మనుష్యుడు. ఆ తర్వాత రొట్టెలు కాల్చేవాడు, చెప్పులు కుట్టేవాడు, వడ్రంగి. తర్వాత సద్గుణాలు. చివరికి అంత్యతీర్పు. ఓర్పు గురించిన పాఠంలో గొర్రెపిల్ల, లంగరు కనబడతాయి. అందులో దేవుని గూర్చిన పాఠం వేరు, లోకజ్ఞానం వేరు అన్న గోడ లేదు. చెప్పులు కుట్టేవాడి పని కూడా సృష్టికీ తీర్పుకీ మధ్యనే ఉంది.

ఈ పుస్తకం వెలువడడానికి రెండేళ్ల ముందు, 1656లో, లెష్నో కాలిపోయింది. నలభై ఏళ్లకు పైగా కూర్చిన చెక్ నిఘంటువు రాతప్రతి ఆ మంటల్లో పోయింది. ఆయన ఆమ్‌స్టర్‌డామ్ చేరి, మళ్లీ కలం పట్టారు. ఆయనలో లోపాలు లేకపోలేదు. తన కాలంలో కొందరు చెప్పిన రాజకీయ ప్రవచనాలను నమ్మి, అచ్చు వేయించి, అపహాస్యం పాలయ్యారు. ప్రవచనాల వెంట పరుగెత్తే మన కాలానికి అదీ ఒక హెచ్చరికే. 1670 నవంబరు 15న ఆయన కన్నుమూశారు. నార్డెన్ పట్టణంలో సమాధి చేశారు.

మన సంగతి ఏమిటి? మన క్రైస్తవ పాఠశాలల్లో బైబిలుకు ఒక పీరియడ్ ఉంటుంది. గంట కొట్టగానే బైబిలు మూసి లెక్కల పుస్తకం తెరుస్తాము. సండే స్కూల్లో కంఠత వాక్యం అప్పజెప్పించి బహుమతి ఇస్తాము. ఇవి మంచివే, కాని చాలవు. ఇంట్లో ఉన్నా దారిలో ఉన్నా పిల్లలకు వాక్యాన్ని నేర్పమని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం మనకు చెబుతోంది.

అలాగని ప్రతి లెక్కకూ ఒక వచనం అతికించమని మేము చెప్పడం లేదు. సామెతల గ్రంథం దొంగ త్రాసును దేవుడు అసహ్యించుకుంటాడని చెబుతుంది. కిలోకి 50 గ్రాములు తక్కువ తూచే దుకాణంలో నెలకు 20 కిలోల బియ్యం కొనే కుటుంబం ఎంత నష్టపోతుందో లెక్క కట్టమని ఇంటిపని ఇద్దాము. నెలకు ఒక కిలో అని పిల్లవాడే తేల్చుకుంటాడు. ఆ కిలో ఎవరి కంచంలోనుండి పోయిందో అప్పుడు అడుగుదాము. లెక్క తప్పకూడదు, వాక్యమూ పక్కకు పోకూడదు.

మరొక మాట. మన పాఠశాలల్లో ఇతర మతస్థుల పిల్లలు కూడా చదువుతారు. ప్రభుత్వ గుర్తింపు గాని సహాయం గాని ఉన్న బడిలో, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ఏ పిల్లవాడినీ మతబోధకు కూర్చోబెట్టరాదని మన రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. బలవంతపు చదువును జీవితాంతం వ్యతిరేకించిన కొమీనియస్‌ను గౌరవించే మనకు ఇది భారం కాకూడదు. నిజాయితీగా తూచడం, పేదవాడిని తక్కువ చేయకపోవడం, బెత్తం లేకుండా నేర్పడం ఎవరి సమ్మతికీ అడ్డు రావు.

వచ్చే ఆదివారం పాఠం సిద్ధం చేసుకునే ఉపాధ్యాయులు ఒక ప్రశ్న వేసుకుంటే చాలు. ఈ పాఠం విన్న పిల్లవాడు సోమవారం ఉదయం తన తరగతిలో దీన్ని ఎక్కడ వాడగలడు?