లూసీ విల్స్

మానవశరీరమునకు రక్తము జీవాధారము. ఆ రక్తమునకు ఎఱుపురంగు నిచ్చు కణములు తగ్గినచో ముఖము పాలిపోవును. నాలుగడుగులు వేసినంతనే ఆయాసము కలుగును. దీనినే రక్తహీనత యందురు. పైకి చూచుటకు రక్తహీనత యంతయు నొకటే యని తోచును. కాని దానికి కారణములు పెక్కులు. కారణ మెఱుగక మందిచ్చుట గుఱి తెలియక బాణము విడుచుట వంటిది. ఈ సత్యమును గ్రహించి, తల్లుల ప్రాణములను నిలుపు మార్గమును చూపిన వైద్యురాలు లూసీ విల్స్.

ఆమె 1888వ సంవత్సరమున ఇంగ్లండులో, బర్మింగుహాము నగర సమీపమున జన్మించెను. ఆ కాలమున స్త్రీల ఉన్నతవిద్యకు అడ్డంకులు మెండు. లూసీ కేంబ్రిడ్జిలోని న్యూన్‌హాం కళాశాలలో వృక్షశాస్త్రమును, భూగర్భశాస్త్రమును అభ్యసించి 1911లో పరీక్షలయం దుత్తీర్ణురాలయ్యెను. అయినను ఆ విశ్వవిద్యాలయము నాడు స్త్రీలకు పట్టము లొసగెడిది కాదు. 1914లో మొదటి ప్రపంచయుద్ధ మారంభమైనపు డామె దక్షిణాఫ్రికాలో నుండెను. అచట నొక వైద్యశాలలో స్వచ్ఛందముగా రోగులకు పరిచర్య చేసెను. పిదప లండనుకు మరలివచ్చి, స్త్రీల వైద్యకళాశాలలో చేరి, 1920లో వైద్యురాలయ్యెను. ఆమె మనస్సు పరిశోధనమునందే లగ్నమయ్యెను.

1928లో లూసీ మన దేశమునకు వచ్చెను. బొంబాయిలో బట్టలమిల్లులయందు పనిచేయు పేదస్త్రీలు పలువురు గర్భవతులై యున్నపుడు తీవ్రమగు రక్తహీనతకు లోనగుచుండిరి. కొందఱు బిడ్డలను కని కన్నులు మూయుచుండిరి. ఈ వ్యాధికి మూలమును కనుగొనుటకై ఆమె హాఫ్కిన్ పరిశోధనాలయమున పని ప్రారంభించెను.

రక్తపుచుక్కను గాజుపలకపై పలుచగా పూసి సూక్ష్మదర్శినిలో చూచినచో వ్యాధి స్వభావము కొంత తెలియును. శరీరమున ఇనుము చాలనపుడు రక్తకణములు చిన్నవై, వెలవెలబోయి యుండును. కాని ఈ స్త్రీల రక్తకణములు ఉండవలసిన దానికంటె పెద్దవిగా నుండెను. కావున ఇది ఇనుము లోపమువలన కలిగిన జబ్బు కాదు. ఇనుము కలిపిన మందు లెన్ని యిచ్చినను ఇది నయముకాదు. మఱి కారణమేమి?

లూసీ ఆ స్త్రీలు తిను ఆహారమును శ్రద్ధతో విచారించెను. పేదవారి భోజనమున కూరగాయలు, పండ్లు, మాంసకృత్తులు మిక్కిలి తక్కువ. కలిగిన కుటుంబముల స్త్రీలలో ఈ వ్యాధి అరుదు. కాబట్టి లోపము ఆహారముననే యున్నదని ఆమె ఊహించెను. ఊహ యెంత చక్కనిదైనను ఋజువు కావలెను గదా! నీలగిరులలోని కూనూరులోను, బొంబాయిలోను ఆమె ఎలుకలకు అట్టి ఆహారమునే పెట్టి పరీక్షించెను. పేలద్వారా వ్యాపించు మఱియొక సూక్ష్మజీవి ఆ ఎలుకల రక్తమును చెడగొట్టుటచే ఫలితములు చిక్కుపడెను. ఆమె నిరుత్సాహపడక కోతులపై ప్రయోగములు చేసెను. వ్యాధిగ్రస్తమైన కోతికి ఈస్టుసారము పెట్టగా అది త్వరలోనే కోలుకొనెను.

ఆ ఈస్టుసారము అపురూపమైన ఔషధము కాదు. ఇంగ్లండులో మార్మైట్ అను పేర రొట్టెపై పూసికొని తిను చౌకవస్తువు. దానిని రోగులగు గర్భవతుల కొసగగా వారి రక్తము వృద్ధిపొందెను. మృత్యుముఖమున నున్నవారు లేచి తిరుగజొచ్చిరి. 1931లో ఆమె ఈ సంగతిని వైద్యలోకమునకు ప్రకటించెను. ఆ సారములోని గుణకారియైన పదార్థమేదో నాడు తెలియరాలేదు. శాస్త్రజ్ఞులు దానికి విల్స్ పేరే పెట్టిరి.

పది సంవత్సరముల పిమ్మట, 1941లో, అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూరనుండి ఆ పదార్థమును వేఱుచేసి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకుడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. బొంబాయి తల్లుల కన్నీటితో మొదలైన అన్వేషణ ఒక తెలుగువాని కృషితో ఫలించుట మనకు గర్వకారణము.

లూసీ ఇనుమును విస్మరింపలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లండు గర్భవతులకు ఇనుము ఇచ్చుటవలని ఫలితములను తన సహచరులతో కూడి పరిశీలించి 1947లో ప్రకటించెను. ఉద్యోగము విరమించిన పిదప గూడ జమైకా, ఫిజీ, దక్షిణాఫ్రికా దేశములకు పోయి ప్రజల ఆహారమును, రక్తహీనతను పరిశీలించెను. 1964లో ఆమె పరమపదించెను.

నేడు మన గ్రామములలో ఆరోగ్యకార్యకర్తలు గర్భవతుల కిచ్చు చిన్న మాత్రలో ఇనుము, ఫోలిక్ ఆమ్లము రెండును కలవు. రక్తమునకు రెండును అవసరమే. ఒకటి మఱియొకదాని పని చేయజాలదు. పాలిపోయిన ముఖమును చూచి జాలిపడువా రెందఱో కలరు. ఆ పాలిపాటునకు కారణమేమని యడిగి, సమాధానము లభించువఱకు విశ్రమింపనివారు కొందఱే. లూసీ విల్స్ అట్టి కొందఱిలో నొకతె.