పెర్సివల్ లోవెల్

రాత్రివేళ ఆకాశంలో ఎర్రగా మెరిసే గ్రహం అంగారకుడు. దానిపై కాలువలు ఉన్నాయని, తెలివిగల జీవులు వాటిని తవ్వారని జీవితాంతం నమ్మిన ఖగోళ శాస్త్రజ్ఞుడు పెర్సివల్ లోవెల్.

లోవెల్ 1855 మార్చి 13న అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించాడు. హార్వర్డ్‌లో గణితం చదివి 1876లో పట్టభద్రుడయ్యాడు. తరువాత జపాన్, కొరియా దేశాలలో పర్యటించి, అక్కడి జీవితాన్ని గురించి పుస్తకాలు రాశాడు.

1877లో షియాపరెల్లీ అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు అంగారకునిపై సన్నని గీతలు చూశాడు. వాటిని తన భాషలో 'కనాలి' అన్నాడు. సహజమైన నీటిపాయలను కూడా ఆ మాటతో చెప్పవచ్చు. కాని ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది తవ్విన కాలువలు అనే అర్థంలో ప్రచారమైంది. లోవెల్ మనసులో ఆ భావం బలంగా నాటుకుంది. 1894లో ఆయన తన సొంత ధనంతో అరిజోనా ప్రాంతంలోని ఫ్లాగ్‌స్టాఫ్ వద్ద వేధశాల నిర్మించాడు.

గాలి కదలికల వల్ల దూరదర్శినిలో గ్రహబింబం వణుకుతూ ఉంటుంది. అది స్పష్టంగా కనిపించేది క్షణకాలమే. ఆ క్షణంలో చూసినదాన్ని గుర్తుంచుకొని బొమ్మ గీయాలి. లోవెల్ ఎంతో ఓపికతో వందలాది కాలువలను గీశాడు. అంగారకుడు ఎండిపోతున్న గ్రహమని, అక్కడి జీవులు ధ్రువాల మంచు నీటిని కాలువల ద్వారా పారించుకుంటున్నారని గ్రంథాలు రాశాడు. ప్రజలు వాటిని ఆసక్తితో చదివారు.

ఆయన సహాయకుడు డగ్లస్‌కు మాత్రం అనుమానం కలిగింది. గ్రహంలాంటి బిళ్ళలు చేసి, వాటిని దూరం నుంచి పరిశీలించాడు. లేని గీతలు వాటిపైనా కనిపించాయి. ఈ అనుమానాన్ని లోవెల్ సహించలేదు. 1901లో డగ్లస్‌ను ఉద్యోగం నుంచి తొలగించాడు.

ఇంగ్లండులో మాండర్ అనే శాస్త్రజ్ఞుడు గ్రీనిచ్‌లోని ఒక పాఠశాల విద్యార్థులతో ఇటువంటి పరీక్షే చేసి, 1903లో ఫలితాలు ప్రకటించాడు. చుక్కలు, మచ్చలు ఉన్న బొమ్మను తరగతి ముందు ఉంచి, కనిపించినట్లే గీయమన్నారు. బొమ్మలో తిన్నని కాలువలు లేవు. అయినా కొంత దూరంలో కూర్చున్న పిల్లలు చాలామంది తిన్నని గీతలు గీశారు. విడివిడిగా ఉన్న చుక్కలను మనసే కలిపివేస్తుందని దీనివల్ల తేలింది. లోవెల్ దీనినీ అంగీకరించలేదు.

1909లో ఆంటోనియాడి అనే శాస్త్రజ్ఞుడు పారిస్ సమీపంలోని మ్యూడన్‌లో పెద్ద దూరదర్శినితో చూశాడు. కాలువలన్నచోట ఆయనకు వంకర టింకర మచ్చలే కనిపించాయి. 1916 నవంబరు 12న లోవెల్ మరణించాడు. 1965లో మారినర్-4 వ్యోమనౌక పంపిన ఛాయాచిత్రాలలో గుంటలున్న నేల కనిపించింది, కాలువలు లేవు.

లోవెల్ అబద్ధమాడలేదు. కష్టపడి పనిచేశాడు. ఆయన స్థాపించిన వేధశాలలోనే 1930లో ప్లూటో కనుగొనబడింది. కాని తాను కోరుకున్నదే తన కళ్ళకు కనిపిస్తున్నదేమో అని ఆయన పరీక్షించుకోలేదు. పరీక్షించి చెప్పిన సహాయకుణ్ణి దూరం చేసుకున్నాడు. మన నమ్మకం ఎంత ప్రియమైనదైతే, దానిని అంత జాగ్రత్తగా పరీక్షించుకోవాలని లోవెల్ జీవితం తెలియజేస్తున్నది.