ఫెర్మా సంఖ్యను భేదించిన ఆయిలరు

స్విట్జర్లాండు దేశమున బాజెలు నగరములో 1707 ఏప్రిలు 15వ తేదీన లియొనార్డు ఆయిలరు జన్మించినాడు. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. కుమారుడును ఆ వృత్తినే స్వీకరింపవలెనని ఆయన కోరిక. జొహాను బెర్నూలీ అను గణితాచార్యుడు బాలుని ప్రతిభను గుర్తించి తండ్రికి నచ్చజెప్పినాడు. 1727లో, ఇరువదియేండ్ల ప్రాయమున, ఆయిలరు రష్యాలోని సెయింట్ పీటర్సుబర్గు విజ్ఞాన పరిషత్తులో చేరినాడు.

1729 డిసెంబరులో గోల్డుబాకు అను పండితుడు ఒక లేఖలో, ఫెర్మా వెనుకటి శతాబ్దమున చెప్పిన మాటను ప్రస్తావించి ఆయన అభిప్రాయము కోరినాడు. 2 యొక్క 1, 2, 4, 8, 16వ ఘాతములకు 1 చొప్పున కలిపినచో వరుసగా 3, 5, 17, 257, 65,537 వచ్చును. ఇవి అన్నియు ప్రధాన సంఖ్యలే. ఈ వరుసలో పైకి ఎంత పోయినను ప్రధాన సంఖ్యలే వచ్చునని ఫెర్మా విశ్వాసము. తరువాతిది 32వ ఘాతము. దానికి 1 కలుపగా వచ్చునది 429,49,67,297. అంత పెద్ద సంఖ్యను, అందులోను ఫెర్మా అంతటివాడు నమ్మినదానిని, పరీక్షింపబూనుటకు ఎవరికైనను సంకోచము కలుగును. ఆయిలరు కూడ మొదట ఆ ప్రశ్నను అంతగా పట్టించుకొనలేదు. కాని 1732 నాటికి ఆ సంఖ్య 641 చేత నిశ్శేషముగా భాగింపబడునని, లబ్ధము 67,00,417 అని తేల్చినాడు.

ఇది గ్రుడ్డిగా వెదకగా చిక్కిన సంఖ్య కాదు. ఆ మహాసంఖ్యను భాగించు ప్రధాన సంఖ్య ఏదైనను 64 చేత భాగించినపుడు శేషము 1 మిగులవలెనని ఆయన తరువాత నిరూపించినాడు. అట్టి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదవ భాగహారముతోనే పని ముగియును! ఫెర్మా ఈ ఐదు భాగహారములు ఏల చేయలేదో నాకు నేటికిని ఆశ్చర్యమే. ఉపాధ్యాయులు దీనిని నల్లబల్లపై చేయించి చూడవచ్చును. పది నిమిషములు పట్టదు.

1738 నాటికి ఆయిలరు కుడికంటి చూపు పోయినది. 1741లో బెర్లినుకు పోయి, 1766లో మరల పీటర్సుబర్గు చేరినాడు. కొలది కాలమునకే ఎడమకన్నును మసకబారినది. 1771లో శస్త్రచికిత్స జరిగినను చూపు నిలువలేదు. ఆ సంవత్సరమే అగ్నిప్రమాదమున ఇల్లు దగ్ధమైనది. అయినను పని ఆగలేదు. మనస్సులోనే లెక్కించి చెప్పుచుండగా కుమారులు, శిష్యులు వ్రాసికొనెడివారు.

ఆ చీకటిలోనే, 1772లో, ఆయన మరొక మహాసంఖ్య సంగతి ప్రకటించినాడు. 2 యొక్క 31వ ఘాతమునుండి 1 తీసివేయగా వచ్చు 214,74,83,647 ప్రధాన సంఖ్య అని ఆ ప్రకటన. దీనికి భాజకము ఉన్నచో, దానిని 248 చేత భాగింపగా శేషము 1గాని 63గాని రావలెను. 46,340 దాటి వెదకనక్కరలేదు. ఎనుబదియేండ్లకు పైగా అంతకంటె పెద్ద ప్రధాన సంఖ్య లోకమునకు తెలియలేదు.

1783 సెప్టెంబరు 18వ తేదీన, అప్పటికి రెండేండ్ల క్రిందట కనుగొనబడిన యురేనసు గ్రహపు కక్ష్యను గురించి మిత్రులతో ముచ్చటించినాడు. ఆనాడే కన్నుమూసినాడు.