అలెగ్జాండర్ గ్రాహం బెల్

స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరమున 1847 వ సంవత్సరము మార్చి 3 వ తేదీన గ్రాహం బెల్ జన్మించెను. తండ్రి ఉచ్చారణ శాస్త్రమున పండితుడు. తల్లికి చెవుడు. ఇతరులు వినికిడి గొట్టమున నోరుంచి ఆమెతో మాటలాడగా, బాలుడు ఆమె నుదుటి చెంత మెల్లగా, స్పష్టముగా పలికెడివాడు.

సోదరులిద్దరును క్షయకు బలియగుటచే 1870 లో ఆ కుటుంబము కెనడాకు తరలిపోయెను. మరుసటి యేడు బెల్ బోస్టను నగరమున బధిర బాలబాలికలకు బోధకుడయ్యెను. ఒకే తీగపై పెక్కు తంతివార్తలను ఏకకాలమున పంపవలెనని ఆయన కోరిక. వేర్వేరు స్వరములకు శ్రుతి చేసిన లోహపు రేకులు తమతమ స్వరములనే గ్రహించునని ఊహించెను. ఆ యత్నము పూర్తిగా ఫలింపలేదు గాని, ఆ దారినే టెలిఫోను దొరకెను. 1876 మార్చి 7 న దానికి పేటెంటు లభించెను.

అంతటితో చిక్కులు తీరలేదు. తొలినాళ్ళలో ప్రతి టెలిఫోనుకు తీగ యొక్కటే. విద్యుత్తు దాని వెంట పోయి, భూమి గుండా తిరిగి వచ్చెడిది. ఒకే స్తంభములపై ప్రక్కప్రక్కన సాగు తీగలలో ఒకదాని విద్యుత్తు మారినపుడెల్ల, రెండవదానిలో సన్నని విద్యుత్తు పుట్టును. అందుచే తంతి యంత్రముల టకటకలే గాక, పొరుగువారి సంభాషణయు చెవిని బడుచుండెను. వైద్యునితో చెప్పుకొన్న మాట ఊరివారు విన్నచో ఆ యంత్రమును ఎవరు నమ్ముదురు?

బెల్ భూమిమార్గమును విడిచి, పోవుటకొకటి, వచ్చుటకొకటిగా రెండు తీగలు వాడెను. వాటిని పగ్గమువలె పెనవేసెను. అప్పుడు పొరుగు తీగకు ఒకచోట ఇది దగ్గర, మరియొకచోట అది దగ్గర. కావున రెండింటను పుట్టు దొంగ విద్యుత్తు ఇంచుమించు సమానమై, టెలిఫోను కడ ఒకదానినొకటి రద్దు చేసికొనును. అసలు సంభాషణను మోయు విద్యుత్తు మాత్రము ఒక తీగను పోయి రెండవ తీగను మరలును గాన, దానికి హాని లేదు. 1881 జూలై 19 న దీనికిని పేటెంటు లభించెను.

తీగల ఖర్చు రెట్టింపగును గదా! కంపెనీలు వెంటనే ఒప్పుకొనలేదు. వీథులలో విద్యుత్తు ట్రాములు తిరుగ నారంభించి, భూమిమార్గము రొదతో నిండిన పిమ్మట గాని వారికి దారి లేకపోయెను. నేడు కంప్యూటర్లను కలుపు తీగలలో నాలుగేసి పెనవేసిన జంటలుండును. అన్నిటి మెలికలు ఒక్క తీరుగా నున్నచో జంటకును జంటకును మరల చిక్కు పుట్టును. అందుచే ఒక్కొక్క జంటకు మెలికల ఒత్తిడి వేరు.

1922 ఆగస్టు 2 న కెనడాలోని తన గృహమున బెల్ మరణించెను. అంత్యక్రియల వేళ ఉత్తర అమెరికాలోని టెలిఫోనులు ఒక నిమిషము మూగవోయెను.