ఆచార్య సూరి భగవంతము గారు

హైదరాబాదు నగరమునకు పశ్చిమమున, గోలకొండ కోటకు అనతిదూరమున, 1998లో సైబర్ టవర్సు ప్రారంభమైనది మొదలు హైటెక్ సిటీ అను పేర క్రొత్త పట్టణమొకటి పెరిగినది. అచటి గణనయంత్రములకు కాలము చెప్పునది ఎడతెగక కంపించు చిన్న స్ఫటికపు పలుకు. మన చేతిగడియారములోని స్ఫటికము సాధారణముగా సెకనునకు 32,768 మారులు కంపించును. ఆ యంత్రములను చేసినవారు వేరు. కాని అణువులు, స్ఫటికములు ఎన్ని విధముల కంపింపగలవను ప్రశ్నకు తెలుగునేలపై కూర్చుండి సమాధానము వెదకినవారు ఆచార్య సూరి భగవంతము గారు.

వీరు 1909 అక్టోబరు 14వ తేదీన కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించిరి. హైదరాబాదు నిజాము కళాశాలలో చదివి, 1928లో కలకత్తా చేరి చంద్రశేఖర వేంకటరామన్ గారికి శిష్యులైరి. ఆ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీననే రామన్ గారు తమ పేర ప్రసిద్ధమైన ఫలితమును కనుగొనిరి. ఒకే రంగు కాంతి పదార్థముపై పడి చెదరునపుడు, అందు స్వల్పభాగము అణువుల కంపనములతో శక్తిని ఇచ్చిపుచ్చుకొని రంగు మార్చుకొనును. ఆ మార్పును కొలిచినచో కంటికి కానరాని అణువు ఎంత వేగముగ కంపించుచున్నదో తెలియును. 1931లో ఈ గురుశిష్యులు కాంతికణమునకు ఆత్మభ్రమణము కలదని ప్రయోగపూర్వకముగ చూపిరి.

అణువుల కంపనము మన మెరుగని వింత కాదు. ఇంటిలోని ఉయ్యాలను చూడుడు. నడిమి స్థానమునుండి అది ఎంత దూరము జరిగిన, దానికి తగినంత బలము దానిని వెనుకకు లాగును. ఈ ఒక్క నియమమునుండియే సరళ హరాత్మక చలనము పుట్టుచున్నది. ఊపు చిన్నదైనంతవరకు, అది కొంత హెచ్చినను తగ్గినను, పట్టు కాలము మారదు. మీటరు పొడవుగల లోలకము పోయివచ్చుటకు సుమారు 2 సెకనులు పట్టును. పరమాణువులును, తమ బంధములు తీగచుట్టలో యన్నట్లు, ఈ నియమము ననుసరించియే ఊగును. గోలకొండ పేర లోకప్రసిద్ధమైన వజ్రమునందు ఆ ఊపులు సెకనునకు సుమారు 40 లక్షల కోట్లు.

చిక్కంతయు లెక్కలో నున్నది. నీటి అణువునందు 3 పరమాణువులు కలవు. ఒక్కొక్కటి 3 దిక్కుల కదలగలదు గనుక కదలికలు 9. అణువంతయు కలసి జరుగుట 3, తిరుగుట 3 తీసివేయగా మిగిలిన 3 మాత్రమే కంపనములు. స్ఫటికములందు లెక్క ఇంత సులభము కాదు. 1932లో వాల్తేరున ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరిన భగవంతము గారు దీనికై సౌష్ఠవము నాశ్రయించిరి. పండుగనాటి ముగ్గును పావుచుట్టు త్రిప్పినను మునుపటివలెనే కనబడుట సౌష్ఠవము. దాని గణితరూపమే సమూహ సిద్ధాంతము. గణితజ్ఞులు టి. వేంకటరాయుడు గారితో కలసి 1939లో వీరు స్ఫటికములకు ఈ లెక్కను వర్తింపజేసిరి. ఏ కంపనము రామన్ కాంతిలో కనబడునో, ఏది పరారుణ కిరణములకు మాత్రమే చిక్కునో దీనివలన ముందుగనే చెప్పవచ్చును. బొగ్గుపులుసు వాయువునందు రెండు ప్రాణవాయు పరమాణువులు ఒక్కసారిగ వెలుపలికి, లోపలికి కదలు కంపనము మొదటి తెగకు చెందినది. ఇట్టి లెక్కకు కాగితము, కలము, పట్టుదల చాలును. ఈ విషయమై వారిరువురు రచించిన గ్రంథము 1948లో వాల్తేరునుండియే వెలువడినది. భీమసేనాచారి గారితో కలసి వజ్రముయొక్క స్థితిస్థాపకతను శ్రవ్యాతీత తరంగములతో కొలిచినదియు ఆ దశాబ్దముననే.

తరువాత వీరు హైదరాబాదునకు మరలివచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యులై, 1952 నుండి 1957 వరకు ఉపాధ్యక్షులుగ నుండిరి. పిదప 1962 వరకు బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకులైరి. 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్రసలహాదారులైరి. పదవీభారము పెరిగినను విద్యావ్యాసంగము మానలేదు. స్ఫటిక సౌష్ఠవముపై వారి గ్రంథము 1966లో, ఆ సలహాదారు పదవిలో నుండగనే వెలువడినది. 1989 ఫిబ్రవరి 6వ తేదీన వారు పరమపదించిరి.

గొప్ప శాస్త్రము దూరదేశములయందే పుట్టునని మన బాలురు నిరుత్సాహపడరాదు. ఆగిరిపల్లి బాలుడు వాల్తేరున వ్రాసిన పుస్తకము దేశదేశముల విద్యార్థులకు ఉపకరించినది. మన గ్రంథాలయమున గణితపు అలమార ముందు కూర్చుండు బాలబాలికలకు ఈ జీవితము ధైర్యమొసగునుగాక.