ఆర్థర్ హెండర్సన్ జీవితము

చేతిపని చేయువానికి జ్ఞానముతో నిమిత్తము లేదని మనలో పలువురు తలంతురు. ఆ తలంపు తప్పని చూపిన యొక పోతపనివాని జీవితమును మన విద్యార్థుల యెదుట నుంచుచున్నాను.

ఆర్థర్ హెండర్సన్ 1863వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన స్కాట్లండు నందలి గ్లాస్గో నగరమున నొక శ్రమజీవి యింట జన్మించెను. తొమ్మిది పదేండ్ల ప్రాయమున తండ్రిని గోల్పోయి, బడి మాని, యొక ఫొటోగ్రాఫరు దుకాణమున పనికి కుదిరెను. తల్లి మరల వివాహమాడి, కుటుంబము ఇంగ్లండు నందలి న్యూకాసిల్ పట్టణము చేరిన పిదప కొంతకాలము తిరిగి బడికి పోగలిగెను. పండ్రెండవ యేట రాబర్టు స్టీఫెన్సన్ కంపెనీవారి యినుప పోత కార్ఖానాలో పని నేర్చుకొను పిల్లవాడుగా చేరెను.

పోతపనికి ఓర్పు కావలెను. ఇసుకలో అచ్చు దిద్దవలెను. కరగిన యినుమును తొట్రుపాటు లేక పోయవలెను. చల్లారు వరకు వేచియుండవలెను. ఆ యోర్పు హెండర్సన్‌ను జీవితాంతము విడువలేదు. బడిచదువు కొఱవడినందున, భోజన విరామమున వార్తాపత్రికలు చదివి, తోడి పనివారితో చర్చించి జ్ఞానము సంపాదించెను. 1879లో జిప్సీ స్మిత్ అను సువార్తికుని బోధవలన మారుమనస్సు పొంది, మెథడిస్టు సంఘమున జేరి ప్రసంగములు చేయసాగెను. మద్యపానమును మాన్పించుటకును పాటుపడెను.

1892లో పోతపనివారి సంఘము ఆయనను జీతముగల కార్యనిర్వాహకునిగా నెన్నుకొనెను. సమ్మె జరిగిన పనివారి బిడ్డలే ముందుగా ఆకలికి లోనగుదురని యెఱిగి, యజమానులతో గూర్చుండి తగవు తీర్చుకొనుటయే మేలని ఆయన నమ్మెను. ఇట్టివానిని మెత్తనివాడని తలంచుట సులభము. కాని తరువాతి చరిత్ర వేఱువిధముగా నున్నది.

1903లో పార్లమెంటు సభ్యుడయ్యెను. 1915లో బ్రిటిషు మంత్రివర్గమున ప్రవేశించిన మొదటి లేబరు పార్టీవాడై, విద్యాశాఖను వహించెను. పండ్రెండేండ్లకే బడి విడిచిన బాలుడు దేశపు బడుల కధిపతి యయ్యెను! మరుసటి యేడు ఆయన జ్యేష్ఠకుమారుడు డేవిడ్ యుద్ధభూమిలో మరణించెను. అయినను 1917లో, జర్మను కార్మిక ప్రతినిధులును రానున్న స్టాక్‌హోం సభకు తమవారు పోవలెనని హెండర్సన్ వాదించెను. తోడి మంత్రులు సమ్మతింపలేదు. ఆయనను గది వెలుపల నిలిపి తాము చర్చించిరి. ఆయన మంత్రిపదవిని విడిచెను గాని మాటను విడువలేదు. పుత్రుని గోల్పోయిన తండ్రి శత్రుపక్షమువారితో మాటలాడ గోరుట సామాన్యమైన ధైర్యమా?

1929లో విదేశాంగమంత్రి యయ్యెను. 1931లో నిరుద్యోగుల భృతిని తగ్గింపవలెనన్న యోచన రాగా దాని నెదిరించెను. చిరకాల సహచరుడైన ప్రధాని రామ్సే మాక్డొనాల్డు ఇతర పక్షములతో గలిసి నూతన ప్రభుత్వము నేర్పఱచినను, అందు చేరక వెలుపలనే నిలిచెను. ఆ యేటి యెన్నికలలో పార్లమెంటు స్థానమును గోల్పోయెను.

1932లో జినీవాలో గూడిన ప్రపంచ నిరాయుధీకరణ సభకు ఆయనయే అధ్యక్షుడు. దేహము రోగపీడితమైనను ఆ భారమును దింపుకొనలేదు. 1933లో జర్మనీ సభను విడిచిపోయెను, సభ విఫలమయ్యెను. 1934లో ఆయనకు నోబెల్ శాంతి బహుమానము లభించెను. 1935 అక్టోబరు 20వ తేదీన మరణించెను. నాలుగేండ్లకే మరల మహాయుద్ధము వచ్చెను.

అట్లయిన ఆయన శ్రమ వృథా యని కొందఱందురు. నే నట్లు తలంపను. సంధికై యత్నించినవాడు ఓడినచో తప్పు సంధిది కాదు. విద్యార్థులారా, మీలో కొందఱు పైచదువులకు పోవుదురు. కొందఱు కొలిమి యొద్దనో, మగ్గము యొద్దనో నిలువవలసి వచ్చును. ఎచ్చట నున్నను, తగవు వచ్చినప్పుడు ముందుగా మాటలాడుటకు కూర్చుండుడు. న్యాయము విడువవలసి వచ్చినప్పుడు మాత్రము లేచి వెలుపలికి రండు. ఈ రెండును ఆ పోతపనివాడు నేర్చియుండెను.